ఆ ఫైలు ఎవరిది?

లైనక్స్ మీద పనిచేసేవాళ్లు అన్నిటికంటే ముందు నేర్చుకునే చెడ్డ అలవాటు మూడు ఏడులు. ఏదో ప్రోగ్రాం నడవదు. తెర మీద ‘పర్మిషన్ డినైడ్’ అని వస్తుంది. పక్క సీట్లో సీనియర్ భుజం మీంచి తొంగి చూసి “777 కొట్టేయ్, పోద్ది” అంటాడు. కొడతాం, పోతుంది. ఆ ఫోల్డర్ తలుపులు బార్లా తీసుకుని ఇంకో మూడేళ్లు అలాగే ఉంటుంది. మళ్లీ ఎవరూ మూయరు, ఎవరికీ ఇబ్బంది లేదు కనక.

ఈ వృత్తిలో లేనివాళ్ల కోసం రెండు ముక్కలు. లైనక్స్‌లో ప్రతి ఫైలూ లోకాన్ని మూడు రకాలుగా విడదీస్తుంది: ఓనరు, గ్రూపు, మిగతావాళ్లు. ఈ మిగతావాళ్లనే ‘అదర్స్’ అంటారు. ఒక్కో రకానికీ మూడు అనుమతులు. చదవడం 4, రాయడం 2, నడపడం 1. మూడూ ఉంటే 7. కాబట్టి 777 అంటే అందరికీ అన్నీ. 644 అంటే ఓనరు చదవొచ్చు, రాయొచ్చు; మిగతా రెండు రకాలవాళ్లూ చదవడం వరకే. 700 అంటే నాది నాకే, మీరెవరూ రాకండి. వీటిని మార్చే కమాండ్ పేరు ‘సీహెచ్‌మోడ్’. అంతే, ఇంతకంటే పెద్ద రహస్యమేం లేదు.

1971 నవంబరులో వచ్చిన యూనిక్స్ మొదటి ఎడిషన్ మాన్యువల్ చూస్తే ఈ కమాండ్ ఉంది గానీ గ్రూపు లేదు. ఓనరు, ఓనరు కానివాళ్లు, అంతే రెండు జాతులు. గ్రూపు తర్వాతి ఎడిషన్లలో వచ్చి చేరింది. నాది, లోకానిది అన్న రెండే గదులతో ఒక చిన్న ఆఫీసు కూడా నడవదని వాళ్లకి తొందరగానే తెలిసొచ్చి ఉంటుంది. మనకి మాత్రం యాభై ఏళ్లు దాటినా ఆ మధ్య గది వాడటం చేతకాదు. అయితే 700, లేకపోతే 777.

మాది పలాస నుంచి సముద్రం వైపు వెళ్లే దారిలో ఒక ఊరు. ఉద్దానం. ఉద్యానవనం అన్న మాటే అరిగి ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడి, పనస, మధ్యలో ఇసక దారులు. ఫోల్డర్ల పర్మిషన్లు మొదటిసారి చదివినప్పుడు నా బ్యాచ్‌లో అందరూ తికమకపడిన చోటొకటి ఉంది. ఫైలుకి ‘నడపడం’ అంటే అర్థమవుతుంది, అది ప్రోగ్రాం కాబట్టి నడుస్తుంది. ఫోల్డర్‌ని నడపడమేంటి? ఫోల్డర్‌కి ఆ బిట్ ఉంటే అందులోంచి దాటి వెళ్లొచ్చు అని అర్థం. చదివే బిట్ ఉంటే లోపల ఏమేం ఉన్నాయో పేర్ల జాబితా చూడొచ్చు. ఈ రెండూ వేరు. జాబితా చూడనివ్వకుండా దాటనివ్వడం కుదురుతుంది. 711 పెడితే అదే జరుగుతుంది. నీకు లోపలి ఫైలు పేరు ముందే తెలిస్తే నేరుగా దాని దగ్గరికి వెళ్లు, ఆ ఫైలు నిన్ను రానిస్తే చదువుకో. చుట్టూ చూడటం మాత్రం కుదరదు.

క్లాసులో మిగతావాళ్ల సంగతేమో గానీ నాకు ఇది మా తోటే. మా ఊరి తోటల్లోంచి మంచినీళ్లపేట వైపు చేపల గంపలతో ఆడవాళ్లు రోజూ నడుస్తారు. ఎవరి తోటకీ తలుపు ఉండేది కాదు. కానీ ఆ దారిన పోయేవాళ్లెవరూ ఆగి కాయలు లెక్కపెట్టరు. లెక్కపెడుతూ ఆగితే తాత అరిచేవాడు: “ఏటి సూస్తన్నావు? ఎల్లేవోడివి ఎల్లు!” దారి ఇచ్చాడు, జాబితా ఇవ్వలేదు. ఎవరూ దీన్ని రాసుకోలేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు కూడా. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి చెట్లన్నీ పడగొట్టేశాక కొన్ని నెలలపాటు రోడ్డు మీద బస్సులో కూచున్నవాడికి కూడా ఎవరి తోటలో ఎన్ని చెట్లు మిగిలాయో కనిపించేది. మా వాళ్లు నష్టం కంటే దానికి ఎక్కువ సిగ్గుపడ్డారేమో అనిపిస్తుంది నాకు.

ఇలాంటిదే ఇంకొకటి ఒడ్డు మీద ఉంది. భావనపాడు దగ్గరైనా, బారువ దగ్గరైనా తీరం అందరిదీ. ఎవరి పడవ వాళ్లు లాగి ఇసకలో పెట్టుకోవచ్చు. కానీ పక్కవాడి పడవ కదపకూడదు. లైనక్స్‌లో అందరూ తాత్కాలిక ఫైళ్లు పడేసుకునే ‘టెంప్’ అనే ఫోల్డర్‌కి 777 ముందు ఇంకో 1 ఉంటుంది. దాన్ని స్టికీ బిట్ అంటారు. ఎవరైనా ఇక్కడ ఫైలు పెట్టొచ్చు, కానీ ఎవరి ఫైలు వాళ్లే తీయాలి. (ఫోల్డర్ ఓనరూ తీయొచ్చు, రూట్ అనే సర్వాధికారీ తీయొచ్చు. వాళ్ల సంగతి తర్వాత.) ఆ 1 లేకపోతే ఏమవుతుందన్నది నాకు ఈ మొత్తం వ్యవస్థలో అన్నిటికంటే భయం వేసే నియమం. ఫైలు నీది. పర్మిషన్ 600, ఇంకెవరూ చదవలేరు, రాయలేరు. అయినా అది ఉన్న ఫోల్డర్‌లో రాసే అనుమతి వేరేవాడికి ఉంటే వాడు నీ ఫైలుని తీసేయగలడు. లోపల ఒక్క అక్షరం చదవకుండానే. ఎందుకంటే తీసేయడమంటే ఫైలు మీద చేసే పని కాదు, ఫోల్డర్ అనే రిజిస్టర్‌లో ఒక పేరు కొట్టేయడం.

సోంపేట బీల కథ నాకు ఇలాగే అర్థమైంది. బీల అంటే నీళ్లు నిలిచే చిత్తడి నేల. చేపలు, గడ్డి, పొలాలకి నీళ్లు, పశువుల మేత, అన్నీ దాన్నుంచే. చుట్టుపక్కల ఊళ్లు తరతరాలుగా బతికింది దాని మీద. కానీ రిజిస్టర్ వాళ్ల చేతిలో లేదు. 2008లో 1107 నెంబరు జీవోతో ప్రభుత్వం ఆ భూమిని 2,640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు కోసం ఒక ప్రైవేటు కంపెనీకి ఇచ్చింది. బీలలోకి దిగి చేపలు పట్టే హక్కుని ఎవరూ వచ్చి లాక్కోలేదు. అసలు ఆ హక్కు జోలికే పోలేదు. పైనున్న రిజిస్టర్‌లో ఒక పేరు మారింది, అంతే. 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగాయి, మనుషులు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు పర్యావరణ అనుమతి రద్దు చేసింది. ఏళ్ల తర్వాత జీవో కూడా రద్దయింది. ఇటు టెక్కలి వైపు కాకరాపల్లిలో, తంపర భూముల దగ్గర, 2011 ఫిబ్రవరి 28న మళ్లీ కాల్పులు, మళ్లీ శవాలు.

రూట్ అనే ఖాతాకి చదవడానికీ రాయడానికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు. 000 పెట్టిన ఫైలు కూడా తెరుస్తుంది. కానీ చాలామంది గమనించని చిన్న మెలిక ఉంది. ఒక ప్రోగ్రాంని నడపాలంటే మాత్రం ఆ ఫైలుకి ఓనరుకో, గ్రూపుకో, అదర్స్‌కో, ఎవరికో ఒకరికి నడిపే బిట్ ఉండాలి. ఒక్కరికీ లేకపోతే రూట్‌కి కూడా నడవదు. అది తనే పెట్టుకోగలదనుకోండి, ఆ మాట వేరే. అయినా సోంపేట గుర్తొచ్చినప్పుడల్లా ఈ మెలిక గుర్తొస్తుంది.

న్యాయశాస్త్రం చదివిన స్నేహితుడొకడు ఇదంతా విని వెస్లీ హోఫెల్డ్ అనే అమెరికన్ పేరు చెప్పాడు. 1913లో ఆయన రాసిన వ్యాసంలో ‘హక్కు’ అని మనం ఒకే మాటతో పిలిచేవాటిని విడివిడిగా పేర్చాడు. ఒక పని చేసుకునే స్వేచ్ఛ వేరు, ఎవరు ఏం చేయొచ్చో మార్చే అధికారం వేరు. లైనక్స్ ఈ తేడాని చాలా శ్రద్ధగా పాటిస్తుంది. ఫైలులో రాసే అనుమతి ఎంతమందికైనా ఇవ్వొచ్చు, కానీ ఆ అనుమతుల్ని మార్చే శక్తి ఏ బిట్‌లోనూ ఉండదు. అది ఓనరుకీ రూట్‌కీ మాత్రమే. ఓనరు తన ఫైలుని తనే చదవలేకుండా చేసుకోవచ్చు. అలా చేసుకున్నా ఓనరు ఓనరే, మళ్లీ తెరుచుకోగలడు. ఇది నిజమైన ఒక ఆలోచన, ఏదో కోడ్‌లో చిక్కు కాదు. దీని బరువు నాకు మా పెదనాన్న విషయంలో తెలిసింది.

ఉద్దానం అంటే బయటివాళ్లకి ఇప్పుడు కొబ్బరి గుర్తురాదు, కిడ్నీ గుర్తొస్తుంది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఇటు పలాస, ఇచ్ఛాపురం. షుగరూ బీపీ లేని మనుషులకి కూడా కిడ్నీలు పాడవుతాయి. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పనిచేసి నీళ్లు తాగకపోవడమన్నారు. ఎందుకన్నది ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి 2019 నుంచి నెలకి 10,000 రూపాయల పింఛను వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి, హిరమండలం రిజర్వాయర్ నుంచి తాగునీటి పథకం ప్రారంభించారు. ఇవన్నీ రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

మా పెదనాన్నకి క్రియాటినిన్ పెరిగిందని ముందు తెలిసింది ఆయన పెద్దకొడుక్కి. తర్వాత కోడలికి, ఊరి ఆర్‌ఎంపీకి, మాకు, మెల్లగా వీధి మొత్తానికి. ఆయనకి మాత్రం చెప్పలేదు. బీపీ మందులన్నారు. భయపడతాడని. లైనక్స్‌లో దీనికి సరిగ్గా ఒక అంకె ఉంది: 077. ఇలాంటి ఫైలు చూస్తే ఎవరైనా నవ్వుతారు, ఎవరో పొరపాటున పెట్టారని. కానీ సిస్టం దాన్ని అక్షరాలా పాటిస్తుంది. తెరవబోయినవాడు ఓనరేనా అని మొదట అడుగుతుంది. ఓనరే అయితే ఓనరు బిట్లే చూస్తుంది. అక్కడ సున్నా ఉంటే అక్కడితో ఆపేస్తుంది. మిగతా అందరికీ ఇచ్చిన అనుమతి, ఓనరు కూడా మనిషే కదా అని, ఆయనకి వర్తించదు. ఊరందరికీ తెలిసిన సంగతి ఒక్క మనిషికి తెలియకపోవడం, అదీ అది ఆయనది కావడం వల్లే తెలియకపోవడం, ఉద్దానంలో ఎన్ని ఇళ్లలో ఉందో.

ఆ ఇంటిని తప్పుపట్టడం నాకు తేలిక కాదు. చెప్పకపోవడం దయ అనే వాళ్లు అనుకున్నారు. ఆయన ఒకరోజు అన్నం ముందు కూచుని “ఒరే, నా కాయితం నాకు సదివి ఇనిపించండి” అన్నాడు, కోపం లేకుండా. పెద్దకొడుకు చదివాడు. అంకె విని ఆయన పులుసు కలుపుకున్నాడు. ఏళ్లపాటు ఎవరూ ఇవ్వని చదివే అనుమతిని ఆయన అడుక్కోలేదు, మార్చుకున్నాడు. ఆ శక్తి ఎప్పుడూ ఆయన దగ్గరే ఉంది. ఇన్నాళ్లూ తెలిసి ఊరుకున్నాడా, తెలియక ఊరుకున్నాడా అన్నది మాకెవరికీ తెలీదు. తెలిసే ఊరుకున్నాడని నా అనుమానం. వినకుండా ఉండే హక్కు కూడా ఓనరుదే కదా.

రెండో కథ ఇంత సాఫీగా లేదు. కొన్నేళ్ల కిందట మా వైపు ఒక వైద్య శిబిరం జరిగింది. ఎవరు పెట్టారన్నది ఇక్కడ అనవసరం, పెట్టినవాళ్లు మంచివాళ్లే. రక్తం తీసుకున్నారు. వారం తర్వాత రిపోర్టులు వచ్చాయి. వచ్చి తీసుకెళ్లండని చెప్పడానికి మొత్తం పట్టిక, పేరు, ఊరు, తండ్రి పేరు, క్రియాటినిన్ అంకెతో సహా, ఒక వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. సాయంత్రానికి అది టెక్కలి చేరింది. టెక్కలిలో మా బంధువుల అమ్మాయికి సంబంధం మాట్లాడుతున్నవాళ్లు ఉన్నారు. అమ్మాయి రిపోర్టు బాగానే ఉంది. తండ్రిది బాగాలేదు. వాళ్లు కాదు అనలేదు, ఫోన్ ఎత్తడం మానేశారు. ఉద్దానం ఊళ్లకి పిల్లనివ్వడానికీ తెచ్చుకోవడానికీ జనం వెనకాడతారని పేపర్లలో ఎన్నోసార్లు వచ్చింది, అది నిజం.

ఆ పట్టిక పెట్టిన కుర్రాణ్ని అడిగాను. వాడి దగ్గర జవాబుంది. “అంతకుముందు పెద్ద పెద్దవాళ్లు వచ్చి రక్తం, మూత్రం పట్టుకుపోయారన్నా. రిపోర్టు ఒక్కటి తిరిగి రాలేదు. మేం అలా చేయకూడదనుకున్నాం.” వాడు చెప్పింది కాదనలేం. మా ఊళ్లలో చాలామంది ఇదే చెబుతారు. శాంపిల్ ఇచ్చాం, ఏమైందో ఎవరూ చెప్పలేదు అని. ఒకరు 700 పెట్టారు, దానికి మండిన ఇంకొకరు 777 పెట్టారు. రెండోదాంట్లో కనీసం ప్రేమ ఉంది. ఆఫీసులో పెట్టే 777లో కూడా చాలాసార్లు ఉండేది దురుద్దేశం కాదు, పక్కవాడి పని ఆగకూడదన్న మంచితనమే. ఆ మంచితనానికి ఓపిక ఉండదు, అంతే. ఎవరికి ఏం కావాలో ఒక్కొక్కరినీ అడిగి, పేర్లు రాసి, పని అయిపోయాక ఆ పేర్లు కొట్టేసే ఓపిక. గ్రూపు అంటే అదే, గుమస్తా పని. అరవై రిపోర్టులుంటే అరవై కవర్లు, అరవై ఇళ్లు. సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు 1975లో రాసిన పేపర్‌లో, ఎవరికైనా ఆ పనికి కావలసినంత అనుమతే ఇవ్వాలని, ఏమీ చెప్పకపోతే తలుపు మూసి ఉన్నట్టే లెక్కని సూత్రాలు పెట్టారు. చదవడానికి పొదుపు సూత్రంలా ఉంటుంది. నిజానికి అది ఎవరో ఒకరి మీద అరవై ఇళ్లు తిరిగే పని పెడుతుంది.

కానీ ఆ వాదనలో ఇంకా లోతుగా ఒక లోపం ఉంది, నా వృత్తిలోదే. ఆ పట్టిక ఫైలుకి ఓనరు ఎవరు? లైనక్స్ లెక్కలో, దాన్ని తయారుచేసిన కుర్రాడు. గ్రూపు? వాడి తోటి వాలంటీర్లు. ఎవరి రక్తమో ఆ మనిషి? ‘అదర్స్’. టెక్కలి పెళ్లివారూ ‘అదర్స్’. తండ్రి అంకె తండ్రి చదవాలంటే టెక్కలి వాళ్లకి ఇచ్చిన బిట్టే ఆయనకీ ఇవ్వాలి. ఫైలు ఎవరు రాశారో సిస్టంకి తెలుసు, ఎవరి గురించి రాశారో తెలీదు. యాభై ఏళ్ల కిందటి డిజైన్‌లో ఆ మనిషికి చోటు పెట్టలేదు. పెట్టాలని తోచే కాలం కూడా కాదది, ఫైళ్లలో ఎక్కువగా ఉండేది ప్రోగ్రాములు, వాటి మాన్యువళ్లు. ఇప్పుడు ఫైళ్ల నిండా మనుషులున్నారు. 2023లో మన పార్లమెంటు చేసిన వ్యక్తిగత డేటా చట్టం మాత్రం ఈ మనిషికి ఒక పేరు పెట్టింది, ‘డేటా ప్రిన్సిపల్’. సమాచారం ఎవరి గురించో వాళ్లు. ఫైలు పట్టుకున్నవాణ్ని ఓనరు అనకుండా ‘డేటా ఫిడ్యూషియరీ’ అంది, అంటే నమ్మి అప్పగిస్తే పట్టుకున్నవాడు. చట్టం ఎంత పనిచేస్తుందన్నది పక్కన పెట్టండి. ఆ రెండు పేర్లు మాత్రం నాకు నచ్చాయి. మా తాత తోటకి కాపలా మనిషి ఉండేవాడు. వాణ్నెవరూ ఓనరు అనలేదు.

ఇంత చెప్పాక నాకు నేనే అడ్డుపడాలి. అందరూ తమ కాయితాలు తమ దగ్గరే దాచుకుని ఉంటే పలాసకి ఆసుపత్రి వచ్చేదా? ఉద్దానం పేరు రాష్ట్రం దాటి వెళ్లిందంటే, ఎవరో తమ పేరుతో, మొహంతో, మంచం మీద పడుకుని ఫోటో తీయించుకున్నారు కాబట్టే. దాచడం వల్లే రోగం సిగ్గుపడే విషయం అవుతుందని, అందరూ చెప్పేస్తే టెక్కలి వాళ్లకి ఫోన్ ఎత్తకపోవడానికి కారణమే మిగలదని ఆ కుర్రాడు అన్నాడు. ఇందులో కొంత నిజం ఉంది. నేను ఒప్పుకోనిది ఒకటే. ఫోటోకి కూచున్నవాళ్లు తామే కూచున్నారు. ఊరి మేలు కోసమైనా సరే, తలుపు తీసేవాడు లోపల ఉన్నవాడే అవ్వాలి. తీయనన్నవాడి వల్ల ఊరికి నిజంగా నష్టం జరిగితే అప్పుడేంటి అంటే, ఆ ప్రశ్నకి నా దగ్గర సరైన జవాబు లేదు. పేరు తీసేసి అంకెలు ఇవ్వొచ్చు అంటారు పరిశోధకులు. నిజమే. కానీ నలభై ఇళ్ల ఊళ్లో వయసు, వీధి, తోట ఎన్ని ఎకరాలు అని చెప్పాక ఇంక పేరెందుకు?

ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసింది, మా చుట్టాల్లో కంప్యూటర్ తెలిసినవాణ్ని నేనే కాబట్టి. “అన్నయ్యా, ఆ లిస్టులోంచి మా నాన్న పేరు తీయించొచ్చా?” అని అడిగింది. ఆ కుర్రాడు అప్పటికే గ్రూపులో డిలీట్ చేశాడు, తన డ్రైవ్‌లో లింకు కూడా మూసేశాడు. లైనక్స్‌లో పర్మిషన్ చూసేది ఫైలు తెరిచే క్షణంలోనే. అప్పటికే తెరిచి పట్టుకున్న ప్రోగ్రాం ఉంటే, తర్వాత నువ్వు 000 పెట్టినా, పేరు కొట్టేసినా, అది మూసేదాకా చదువుతూనే ఉంటుంది. ఇది తనకి చెప్పలేదు. ఎవరెవరి ఫోన్లలో దిగిందో కనుక్కుని ఒక్కొక్కరినీ అడగాలని చెప్పాను. “ఎంతమంది ఉంటారు?” అంది. గ్రూపులో 214 మంది. తను పేర్లు చదవమంది. నేను చదువుతుంటే, ఎవరిని తను అడగగలదో, ఎవరిని వాళ్లమ్మ అడగాలో, ఎవరి దగ్గరికి అసలు వెళ్లకూడదో పెన్సిల్‌తో రాసుకుంది.